బాగ్దాద్‌ని రెండు వారాల్లో పట్టిన మంగోలు సైన్యం సిరియాలో ఎందుకు నిలవలేకపోయింది?

గడ్డిదారి (ఆదివారం, రాత్రి 9:10)

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా మనసులో నలుగుతున్న ప్రశ్న ఒకటి ఇక్కడ పెడుతున్నాను.

1258 జనవరి 29న చెంఘిజ్ ఖాన్ మనవడు హులగు సైన్యం బాగ్దాద్ ముట్టడి మొదలుపెట్టింది. ఫిబ్రవరి 10న ఖలీఫా అల్ ముస్తాసిం కోట బయటికొచ్చి లొంగిపోయాడు. ఐదు వందల ఏళ్ళ అబ్బాసీ ఖలీఫాల పాలన పట్టుమని పదిహేను రోజులు నిలవలేదు. 1260 జనవరిలో అలెప్పో పడింది, మార్చిలో డమాస్కస్ లొంగింది. ఇక ఈజిప్టు ఒక్కటే మిగిలింది. తీరా అదే ఏడాది సెప్టెంబరు 3న పాలస్తీనాలోని ఐన్ జాలూత్ దగ్గర మమ్లూక్‌లు (బానిసలుగా కొని పెంచిన సైనికులు, అప్పటికి ఈజిప్టుని ఏలుతున్నవాళ్ళు) మంగోలులని ఓడించారు. మంగోలు సేనాని కిత్‌బుగా అక్కడే ప్రాణం పోగొట్టుకున్నాడు.

ఎవర్ని అడిగినా ఒకటే జవాబు: పెద్దఖాన్ మోంగ్కే చనిపోయాడు, హులగు పెద్ద సైన్యాన్ని తీసుకుని వెనక్కి వెళ్ళాడు, అందుకే ఓడిపోయారు అని. 1260 వరకైతే ఒప్పుకుంటాను. కానీ 1281లో హోమ్స్ దాకా మళ్ళీ వచ్చారు, ఓడిపోయారు. 1299 డిసెంబరులో హోమ్స్ దగ్గరే గెలిచారు, డమాస్కస్ చేతికొచ్చింది, అయినా కొన్ని నెలల్లో వదిలేసి వెళ్ళిపోయారు. 1303లో డమాస్కస్ దగ్గర మళ్ళీ ఓటమి. చివరికి 1323లో సంధి. ఇన్ని దశాబ్దాల కథకి మోంగ్కే చావు ఒక్కటే కారణం ఎలా అవుతుంది? మీరంతా ఏమంటారు?

పుస్తకాల బీరువా (ఆదివారం, రాత్రి 10:02)

మంచి ప్రశ్న అండి. మోంగ్కే 1259 ఆగస్టులో, చైనాలో సొంగ్ రాజ్యం మీద యుద్ధం చేస్తూ పోయాడు. తమ్ముళ్ళు కుబ్లాయ్, అరిక్ బొకె సింహాసనం కోసం కలబడ్డారు. హులగు మంగోలియా దాకా వెళ్ళనేలేదు, అజర్‌బైజాన్‌లోనే ఆగిపోయాడు. అక్కడ ఆగడానికి కారణం ఉంది. ఉత్తరాన వోల్గా ఒడ్డున బెర్కె ఖాన్ ఉన్నాడు. హులగుకి పెదనాన్న కొడుకు. అప్పటికే ఇస్లాం తీసుకున్నవాడు. ఖలీఫాని చంపారన్న కోపం ఉంది. దానికి తోడు అజర్‌బైజాన్ మేతభూములు తమ శాఖకి రావలసిన వాటా అన్న పేచీ ఉంది.

1262లో ఇద్దరికీ యుద్ధం మొదలైంది. 1263 జనవరిలో తెరెక్ నది దగ్గర హులగు సైన్యం చావుదెబ్బ తింది. గడ్డకట్టిన నది మీదుగా వెనక్కి పరిగెడుతుంటే మంచు విరిగి ఎంతోమంది మునిగిపోయారు. ఆ తరువాత ఇల్‌ఖానులు (ఇరాన్‌ని ఏలిన హులగు, అతని వారసులు) ఎప్పుడు సిరియా మీదికి బయల్దేరినా ఒక కన్ను ఉత్తరం వైపే పెట్టుకోవలసి వచ్చింది. తూర్పున మధ్య ఆసియాని ఏలే చగతాయ్ శాఖ బంధువులతో తగువు వేరే. మమ్లూక్‌లకి ఉన్నది ఒక్క సరిహద్దు, ఇల్‌ఖానులకి మూడు. నా ఓటు దీనికే.

పాలమూరు పిల్లగాడు (సోమవారం, పొద్దున 6:25)

అన్నలూ, మాది గొర్లు కాచే ఇల్లు. చరిత్ర నాకు మీ అంత తెలియదు గానీ గడ్డి గురించి ఒక మాట చెప్తా.

మా నాయన వాళ్ళు ఎండలు ముదరకముందే మందను తోలుకొని నల్లమల వైపో, కృష్ణా కింది పొలాల వైపో పోయేవాళ్ళు. వరి కోసేసిన మళ్ళల్లో రైతులు ఎరువు కోసం మంద పెట్టించుకునేవాళ్ళు. మంద పెద్దదైతే అందరూ ఒకే దారిన పోలేరు. జట్లు జట్లుగా చీలి వేరే వేరే దారుల్లో పోవాలి. ముందు మంద మేసిన దారిలో వెనక మందకి పుల్ల కూడా మిగలదు. నీళ్ళ దగ్గర కూడా అంతే. ఎవరు ముందు, ఎవరు వెనక అని పెద్దమనుషులు తేల్చేవాళ్ళు.

ఇప్పుడు మంగోలు సైన్యాన్ని చూడండి. ఒక్కో సైనికుడికి ఐదు గుర్రాల దాకా ఉండేవంటారు. దాణా మోసుకుపోరు, గడ్డి మీదే మేపుతారు. లక్షమంది వస్తే ఐదు లక్షల గుర్రాలు. తినడానికి తోలుకొచ్చే గొర్లు వేరే. సిరియాలో వాన పడేది చలికాలంలో. గడ్డి పచ్చగా ఉండేది ఎండలు ముదిరేదాకానే. ఆ తరువాత అన్ని నోళ్ళు ఆ నేల మీద ఎట్ల బతుకుతయి? గుర్రం బక్కచిక్కితే విలుకాడు ఉండి ఏం లాభం?

గడ్డిదారి (సోమవారం, పొద్దున 8:40)

తమ్ముడూ, ఈ మాటే నేను ఎవరైనా చెబుతారా అని ఎదురుచూస్తున్నాను. దీనికి హులగు నోటి సాక్ష్యమే ఉంది. 1262లో అతను ఫ్రాన్సు రాజు తొమ్మిదో లూయీకి ఉత్తరం రాయించాడు. సిరియా నుంచి వెనక్కి రావడానికి అందులో చెప్పిన కారణం, అక్కడ మేత, తిండి అయిపోయాయని.

మమ్లూక్‌లకి కూడా ఈ సంగతి తెలుసు. మంగోలులు వచ్చే దారిలో, యూఫ్రటీస్ అవతల ఉన్న గడ్డినేలలకి మనుషుల్ని పంపి నిప్పు పెట్టించేవాళ్ళు. సుల్తాన్ బైబర్స్ కాలంలో ఇది మామూలు పని అయిపోయింది. కోట గోడ కట్టడం ఒక రకం రక్షణ అయితే, శత్రువు గుర్రం నోటి ముందున్న గడ్డి తగలబెట్టడం ఇంకో రకం.

ఇంకో తేడా. మమ్లూక్ సైనికుడి గుర్రం సాలలో కట్టేసి బార్లీ పెట్టి పెంచినది. మంగోలు గుర్రం కన్నా పెద్దది, బలమైనది. మంగోలు రౌతు గుర్రాలు మార్చుకుంటూ పోరాడితే, మమ్లూక్ ఉన్న ఒక్క గుర్రం మీద నిలబడి బాణాలు వేసేవాడు. దాని కోసం రోజూ సాధన చేసేవాడు.

తెనాలి నుంచి (సోమవారం, మధ్యాహ్నం 1:15)

గడ్డి లెక్క విన్నాను, కానీ అది ఒక్కటే చాలదండి. మూడు అభ్యంతరాలు.

వీళ్ళే దక్షిణ చైనాలో వరిపొలాలు, కాలవలు, పెద్ద నదుల మధ్య యుద్ధం చేశారు. అక్కడ గడ్డిమైదానం ఎక్కడుంది? 1279కల్లా సొంగ్ రాజ్యాన్ని పూర్తిగా మింగేశారు.

1299లో ఇల్‌ఖాన్ ఘజాన్ వచ్చింది చలికాలంలో, అంటే వాన పడే కాలంలో. గడ్డి అయిపోయే దాకా కూడా ఆగకుండా ఫిబ్రవరిలోనే ఎందుకు వెళ్ళిపోయాడు?

మంగోలుల కన్నా రెండు వందల ఏళ్ళ ముందు సెల్జూక్ తురుష్కులు కూడా గుర్రాల మీదే వచ్చారు కదా. వాళ్ళు సిరియాని పట్టుకుని ఉన్నారు. గడ్డి వాళ్ళకి దొరికి వీళ్ళకి దొరక్కపోవడమేమిటి?

విశ్రాంత మాస్టారు (సోమవారం, సాయంత్రం 5:50)

తెనాలి బాబు అడిగిన మూడో ప్రశ్నకి నేను జవాబు చెబుతాను. దానికి కాస్త వెనక్కి వెళ్ళాలి. పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు కూడా నేను మంగోలుల్ని ముందు పెట్టేవాణ్ణి కాదు, సెల్జూక్‌లతోనే మొదలుపెట్టేవాణ్ణి.

1040లో మధ్య ఆసియాలోని మెర్వ్ దగ్గర దందానకాన్ అనే చోట సెల్జూక్‌లు గజనీ సుల్తాన్ మసూద్‌ని ఓడించారు. మన దేశం మీద దండెత్తిన మహమూద్ కొడుకే ఈ మసూద్. గజనీ సైన్యం పెద్దది, ఏనుగులు కూడా ఉన్నాయి. కానీ ఎడారి దారిలో నీళ్ళు దొరక్క అలసిపోయింది. సెల్జూక్‌లు వాళ్ళని ముందుగా దాహంతో కొట్టారు, తరువాతే బాణాలతో. 1055లో సెల్జూక్ నాయకుడు తుగ్రిల్ బాగ్దాద్‌లో అడుగుపెట్టాడు. ఖలీఫాని చంపలేదు, అతని చేత సుల్తాన్ బిరుదు ఇప్పించుకున్నాడు. హులగుకీ తుగ్రిల్‌కీ ఉన్న తేడా ఇక్కడే కనిపిస్తుంది. తుగ్రిల్ వచ్చేనాటికే ముస్లిం, ఖలీఫా ఉంటేనే అతనికి గౌరవం.

1071 ఆగస్టు 26న మంజికెర్ట్ యుద్ధం. సెల్జూక్ సుల్తాన్ అల్ప్ అర్స్‌లాన్ నిజానికి ఈజిప్టు ఫాతిమీల మీదికి పోతూ అలెప్పో దాకా వెళ్ళాడు. బైజాంటైన్ చక్రవర్తి నాలుగో రొమానోస్ తూర్పుకి వస్తున్నాడని తెలిసి వెనక్కి తిరిగాడు. చక్రవర్తి దగ్గర జీతానికి పనిచేస్తున్న తురుష్క రౌతులు కొందరు తమ జాతివాళ్ళ వైపు వెళ్ళిపోయారు. వెనక దళాన్ని నడపాల్సిన ఆండ్రోనికోస్ దూకస్ సాయం రాకుండా మళ్ళిపోయాడు. చక్రవర్తి పట్టుబడ్డాడు. అల్ప్ అర్స్‌లాన్ అతన్ని మర్యాదగా చూసి, ఒప్పందం రాయించుకుని వదిలిపెట్టాడు. ఇంటికి చేరిన చక్రవర్తి కళ్ళు పొడిపించింది సొంతవాళ్ళే. 1072లో ఆ గాయాలతోనే పోయాడు. ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ తరగతి నిశ్శబ్దమైపోయేది.

ఇక గడ్డి సంగతి. సెల్జూక్ కాలంలో సిరియాలోకి వచ్చిన తుర్క్‌మన్‌లు ఒక్కసారిగా లక్షల గుర్రాలతో రాలేదు. చిన్న చిన్న గుంపులుగా, కుటుంబాలతో, ఏళ్ళ తరబడి వచ్చారు. అత్సిజ్ అనే నాయకుడు జెరూసలేం, డమాస్కస్ పట్టుకున్నాడు. 1077లో కైరో దాకా వెళ్ళి అక్కడ దెబ్బ తిన్నాడు. పాలమూరు అబ్బాయి చెప్పినట్టు, జట్లుగా చీలి వచ్చిన మంద బతికింది. ఒకే దారిన వచ్చిన మంద బతకలేదు.

కొత్త పాఠకురాలు (సోమవారం, రాత్రి 8:20)

నాదొక చిన్న సందేహం. తురుష్కులు, మంగోలులు ఒకరేనా వేరా? సినిమాల్లో, సీరియళ్ళలో అంతా కలిపేస్తారు. చదువుతుంటే అందరి పేర్లూ ఒకేలా ఉండి తికమకగా ఉంది.

పుస్తకాల బీరువా (సోమవారం, రాత్రి 9:05)

భాషలు వేరమ్మా. బతుకు తీరు మాత్రం దాదాపు ఒకటే: గుర్రం, గొర్రె, గుడారం, విల్లు. పశ్చిమానికి వచ్చేసరికి మంగోలు సైన్యంలో మంగోలుల కన్నా తురుష్కులే ఎక్కువ. పైనున్న సేనానులు, రాజవంశం మంగోలులు. కింద నడిచే రౌతుల్లో దారిలో కలుపుకున్న తురుష్క తెగలవాళ్ళు ఎక్కువమంది. రెండు మూడు తరాల్లో పాలకుల ఇళ్ళల్లో కూడా తురుష్క భాషే నిలబడింది. తైమూర్ దీనికి సరైన ఉదాహరణ. బర్లాస్ అనే మంగోలు మూలాల తెగలో పుట్టాడు, మాట్లాడింది తురుష్క భాష.

అసలు ఈ దండయాత్ర మొదలైంది కూడా మంగోలులకీ ఒక తురుష్క రాజవంశానికీ మధ్య. 1218లో చెంఘిజ్ ఖాన్ పంపిన వర్తకుల బిడారు సిర్ దర్యా ఒడ్డున ఉన్న ఒత్రార్ చేరింది. సుమారు 450 మంది వర్తకులు. గూఢచారులన్న నెపంతో అక్కడి అధికారి ఇనాల్చుక్ అందరినీ చంపించి సరుకు లాక్కున్నాడు. నష్టపరిహారం అడగడానికి వచ్చిన రాయబారిని ఖ్వారిజ్మ్ షా (మధ్య ఆసియా, ఇరాన్ ఏలుతున్న ఆ తురుష్క వంశపు రాజు) అలావుద్దీన్ మహమ్మద్ చంపించాడు. 1219లో చెంఘిజ్ కదిలాడు. షా తన సైన్యాన్ని ఒక్క చోట నిలబెట్టకుండా ఊరూరా కోటల్లో పంచాడు. తన సేనానుల మీద, తన తల్లి తెర్కెన్ ఖాతూన్ పుట్టింటి కిప్‌చాక్ తెగల మీద నమ్మకం లేక అలా చేశాడంటారు. 1220లో బుఖారా, సమర్కండ్ ఒకదాని వెనక ఒకటి పడ్డాయి. షా పారిపోయి కాస్పియన్ సముద్రంలోని ఒక దీవిలో ఆ ఏడాది చివరికి చనిపోయాడు.

కొడుకు జలాలుద్దీన్ మాత్రం వేరే రకం. పర్వాన్ దగ్గర మంగోలులని ఓడించాడు. 1221 నవంబరులో సింధు నది ఒడ్డున చుట్టుముట్టినప్పుడు గుర్రంతో సహా నదిలోకి దూకి అవతలి ఒడ్డు చేరాడు. ఢిల్లీ సుల్తాన్ ఇల్‌టుట్‌మిష్ ఆశ్రయం ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే మన దేశ చరిత్ర ఇంకోలా ఉండేదని నేను గట్టిగా నమ్ముతాను.

ఎర్బిల్‌లో జగిత్యాల (సోమవారం, రాత్రి 11:30)

నమస్తే. పని మీద ఇరాక్‌లోని ఎర్బిల్‌లో ఉంటున్నాను. ఊరి నడుమ పెద్ద మట్టిదిబ్బ మీద పాత కోట ఉంది, ఇప్పటికీ నిలబడే ఉంది. 1258లో హులగు మనుషులు ఈ కోటని కూడా ముట్టడించారు. లోపలున్న కుర్దులు లొంగలేదు. బాగ్దాద్ కన్నా ఇదే ఎక్కువ రోజులు ఏడిపించింది. చివరికి మోసుల్ పాలకుడు బద్రుద్దీన్ లూలూ మధ్యలోకి వచ్చాకే కోట చేతికొచ్చింది. ఇక్కడి ఎండాకాలం ఎలా ఉంటుందో ఒంటికి తెలిసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, చల్లటి దేశం నుంచి వచ్చిన సైన్యం ఆ దిబ్బ కింద గుడారాల్లో ఉండడం మామూలు కష్టం కాదు.

బాగ్దాద్ ముట్టడి గురించి ఒక సంగతి. ఆ ప్రాంతమంతా నది తెచ్చిన ఒండ్రు నేల. రాయి దొరకదు. కోట గోడలు కూల్చే యంత్రాలకి రాళ్ళు కావాలి. కిర్కుక్ నుంచి బాగ్దాద్ వెళ్ళే దారిలో హమ్రిన్ కొండలు అడ్డం వస్తాయి, అక్కడి నుంచి రాళ్ళు మోయించారు. అవి చాలక బాగ్దాద్ చుట్టూ ఉన్న ఖర్జూర చెట్లు నరికి, ఆ మొద్దులనే యంత్రాల్లో పెట్టి విసిరారు. ఇరాన్ చరిత్రకారుడు రషీదుద్దీన్ ఇది రాసిపెట్టాడు. కాపుకొచ్చిన ఖర్జూర చెట్టు అంటే ఇక్కడి కుటుంబానికి ఎంతో నాకు తెలుసు. ఆ ఒక్క సంగతి చదివితేనే కడుపులో తిప్పుతుంది.

విశ్రాంత మాస్టారు (మంగళవారం, పొద్దున 7:10)

చాలా బాగా చెప్పావు నాయనా. దానికి నేనూ రెండు కలుపుతాను. ముట్టడికి ముందే నది పడమటి వైపున ఖలీఫా సైన్యం ఎదురొచ్చింది. మంగోలులు రాత్రికి రాత్రి కాలవ గట్లు తెగ్గొట్టి వాళ్ళ వెనక నేలని నీళ్ళపాలు చేశారు. తెల్లారి తరిమితే పారిపోవడానికి దారి లేక బురదలో చిక్కుకున్నారు. యంత్రాలు నడపడానికి హులగు చైనా నుంచి పనివాళ్ళని వెంట తెచ్చుకున్నాడు.

రెండోది ఉత్తరాలు. న్యాయాధికారులు, పండితులు, క్రైస్తవ గురువులు, ఆయుధం పట్టనివాళ్ళు భయపడక్కర్లేదని రాసి బాణాలకి కట్టి ఊళ్ళోకి వేయించారు. గోడ లోపల ఉన్నవాళ్ళ ఐకమత్యం చెడగొట్టడానికి రాయి కన్నా కాగితం ఎక్కువ పని చేసింది.

తెనాలి నుంచి (మంగళవారం, పొద్దున 9:30)

ఖలీఫా మంత్రి ఇబ్న్ అల్ అల్కమీ షియా కాబట్టి మంగోలులతో కుమ్మక్కై బాగ్దాద్‌ని అప్పగించాడని చాలాచోట్ల రాస్తారు. దాని సంగతేమిటి?

పుస్తకాల బీరువా (మంగళవారం, పొద్దున 10:45)

ఆ ఆరోపణ పాతదే. కానీ అతను ఖలీఫాకి చెప్పింది కానుకలు పంపి సంధి చేసుకోమని. సైన్యం బలం తెలిసిన మంత్రి ఎవరైనా అదే చెబుతాడు. హులగు దగ్గర షియా పండితుడు నసీరుద్దీన్ తూసీ ఉన్న మాట నిజం. మోసుల్ పాలకుడు పంపిన బలగం, జార్జియా, ఆర్మీనియా క్రైస్తవుల బలగం ఉన్న మాట కూడా అంతే నిజం. గోడ కూలడానికి కుట్ర అక్కర్లేదు, సరిపడా జీతం అందని సైన్యం ఉంటే చాలు.

నిర్వాహకుడు (మంగళవారం, పొద్దున 11:00)

ఇది ఇక్కడితో ఆపుదాం. ఇప్పటి మతాల గొడవల్ని 1258లోకి తీసుకెళ్ళొద్దని అందరికీ మనవి. యుద్ధం, ఊళ్ళు, మనుషుల గురించి మాట్లాడుకోండి.

కొత్త పాఠకురాలు (మంగళవారం, మధ్యాహ్నం 2:20)

టైగ్రిస్ నది పుస్తకాల సిరాతో నల్లబడిందని చిన్నప్పుడు చదివాను. అది నిజమేనా? చనిపోయినవాళ్ళ లెక్కలు కూడా ఒక్కో చోట ఒక్కోలా ఉన్నాయి, ఎవర్ని నమ్మాలి?

గడ్డిదారి (మంగళవారం, సాయంత్రం 4:00)

సిరా కథ ఆ రోజుల్లో ఉన్నవాళ్ళ రాతల్లో కన్నా తరువాతి రచయితల దగ్గరే గట్టిగా వినిపిస్తుంది. అలాగని పుస్తకాలు క్షేమంగా ఉన్నాయని కాదు. తూసీ ఇరాన్‌లోని మరాఘాలో 1259లో మొదలైన నక్షత్రశాలకి చాలా పుస్తకాలు తరలించాడు. ఇబ్న్ అల్ ఫువతీ అని బాగ్దాద్ కుర్రాడు, అప్పటికి పద్నాలుగేళ్ళు, బందీగా పట్టుబడ్డాడు. పెద్దయ్యాక అదే మరాఘా గ్రంథాలయానికి అధికారి అయ్యాడు. తరువాత బాగ్దాద్ తిరిగి వచ్చి ముస్తాన్సిరియ మదరసా పుస్తకాలు చూసుకున్నాడు. ఆ మదరసా భవనం ఇప్పటికీ ఉంది. ఊరిని తగలబెట్టినవాళ్ళ కొలువులోనే కూర్చుని, ఆ ఊరి పుస్తకాలు భద్రం చేసిన మనిషి బతుకు తలుచుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది.

లెక్కల సంగతి. మెర్వ్‌లో 1221లో చంపినవాళ్ళు 13 లక్షల పైచిలుకు అని చరిత్రకారుడు జువైనీ రాశాడు, 7 లక్షలని ఇంకో చరిత్రకారుడు ఇబ్న్ అల్ అసీర్ రాశాడు. ఒకే ఊరికి ఇంత తేడా. బాగ్దాద్‌లో రెండు లక్షల పైన చంపామని హులగు ఉత్తరమే చెబుతుంది, తరువాతివాళ్ళు దాన్ని ఎనిమిది లక్షలు, ఇంకా ఎక్కువ చేశారు. హులగుకి భయపెట్టడంలో లాభం ఉంది, బాధితులకి గోడు చెప్పుకోవడంలో ఆవేశం ఉంది. ఏ అంకెనీ తలలు లెక్కపెట్టినట్టు తీసుకోలేం.

పాలమూరు పిల్లగాడు (మంగళవారం, సాయంత్రం 6:35)

అంకెలు పక్కన పెట్టి నీళ్ళ సంగతి చూడండి అన్నా. మెర్వ్ ఊరు ముర్గాబ్ నది ఆనకట్ట మీద బతికింది. అది పోతే పొలం పోయినట్టే. ఇరాన్‌లో భూమి లోపల తవ్విన ఖనాతులు ఉంటయి, కొండ అడుగు నుంచి మైళ్ళ కొద్దీ సొరంగంలో నీళ్ళు వస్తయి. ఏటా మనిషి దిగి పూడిక తీయాలె. తీసేవాళ్ళు చచ్చిపోతే సొరంగం కూలి ఊరు ఎండిపోతది. కత్తి పట్టినవాడు ఒక్క రోజు వచ్చి పోయాడు, ఆకలి తరాలు ఉంది.

విశ్రాంత మాస్టారు (మంగళవారం, రాత్రి 8:15)

ఈ మాట ముందు నా పాఠాలన్నీ చిన్నబోయాయి బాబూ.

పుస్తకాల బీరువా (మంగళవారం, రాత్రి 9:40)

ఐన్ జాలూత్ దగ్గరికి వద్దాం. అక్కడ గెలిచినవాళ్ళు ఎవరో చూడాలి. సుల్తాన్ కుతుజ్ ఖ్వారిజ్మ్ షాల వంశంవాడని అప్పటివాళ్ళు రాశారు. తరువాత సుల్తాన్ అయిన సేనాని బైబర్స్ కిప్‌చాక్ తురుష్కుడు. నల్ల సముద్రానికి ఉత్తరాన అతని తెగ ఉండే గడ్డిమైదానాన్ని మంగోలులు చిందరవందర చేసినప్పుడు పిల్లలు బానిస సంతలకి చేరారు. బైబర్స్‌కి ఒక కంట్లో పువ్వు ఉండడంతో కొన్నవాడు వెనక్కిచ్చేశాడని చెబుతారు. ఈజిప్టు సుల్తానులు అలాంటి పిల్లల్ని కొని, నైలు నది దీవిలో ఉంచి, విల్లు, బల్లెం, గుర్రపు స్వారీ నేర్పించి సైన్యం తయారుచేశారు. మంగోలులు ఇల్లు కూల్చిన పిల్లలే పెద్దై వాళ్ళ ఎదురుగా నిలబడ్డారు. మంగోలుల ఎత్తులు వాళ్ళకి పుట్టుకతో తెలుసు. పారిపోయినట్టు నటించి వెనక్కి లాగే ఎత్తు ఐన్ జాలూత్‌లో మమ్లూక్‌లే వేశారు. కిత్‌బుగా దగ్గర ఉన్నది పది, ఇరవై వేలమందే. పాలస్తీనా తీరాన అక్రాలోని క్రైస్తవ ప్రభువులు మమ్లూక్‌లని తమ భూమి మీదుగా పోనిచ్చారు.

తరువాత బైబర్స్ చేసిన తెలివైన పని బెర్కె ఖాన్‌తో స్నేహం. ఉత్తరాన బెర్కె, దక్షిణాన బైబర్స్, మధ్యలో హులగు. కుర్ర బానిసలు ఉత్తరం నుంచి కాన్‌స్టాంటినోపుల్ జలసంధి మీదుగా ఓడల్లో ఈజిప్టుకి వస్తూనే ఉన్నారు.

గడ్డిదారి (మంగళవారం, రాత్రి 10:30)

తెనాలి గారి మొదటి ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉందనుకుంటాను. దక్షిణ చైనాని కుబ్లాయ్ గెలిచింది గుర్రాలతో కాదు. ఉత్తర చైనా కాలిబంటుతో, నదుల మీద ఓడలతో, కోటల ముందు ఏళ్ళ తరబడి కూర్చుని గెలిచాడు. షియాంగ్‌యాంగ్ ముట్టడి 1268 నుంచి 1273 దాకా నడిచింది. చివర్లో దాని గోడలు కూల్చిన పెద్ద యంత్రాలు కట్టింది ఇల్‌ఖాన్ రాజ్యం నుంచి వెళ్ళిన ముస్లిం పనివాళ్ళే. అంత పెద్ద కాలిబంటు, అంత ధాన్యం, అన్నేళ్ళ తీరిక ఇల్‌ఖానులకి ఎన్నడూ దొరకలేదు. వచ్చేవాళ్ళు, ఒక ఋతువు యుద్ధం చేసేవాళ్ళు, తమ అజర్‌బైజాన్ మేతభూములకి వెనక్కి పోయేవాళ్ళు.

మోటుపల్లి రేవు (బుధవారం, పొద్దున 7:55)

నాది కాస్త పక్కదారి, కానీ మన తెలుగు నేలకి దీనితో నిజమైన సంబంధం ఉంది.

మార్కో పోలో చైనా నుంచి తిరిగి వచ్చింది కుబ్లాయ్ పంపిన కోకచిన్ అనే పెళ్ళికూతురిని ఇల్‌ఖాన్ అర్ఘూన్‌కి అప్పగించే ఓడల్లో. వాళ్ళు చేరేసరికి అర్ఘూన్ 1291లోనే చనిపోయాడు, ఆమెని కొడుకు ఘజాన్‌కిచ్చి చేశారు. 1299లో సిరియా మీదికి వెళ్ళిన ఘజాన్ ఇతనే. పోలో చెప్పిన తీరప్రాంత రాజ్యాల్లో ముత్ఫిలి ఒకటి. అదే మన మోటుపల్లి. అక్కడ ఒక రాణి న్యాయంగా ఏలుతోందనీ, సాలెగూడంత సన్నని బట్ట నేస్తారనీ చెప్పాడు. ఆ రాణి రుద్రమదేవేనని చరిత్రకారుల మాట. ఆమె 1289లో మరణించినట్టు చందుపట్ల శాసనం చెబుతోంది, కాబట్టి పోలో విన్నది అంతకుముందు మాట.

ఇంకొకటి, గోల్కొండ. కుతుబ్‌షాహీ వంశం మొదలుపెట్టిన సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతంవాడు, కరా కోయున్లు తుర్క్‌మన్‌ల వంశం. ఆ వంశపు నాయకుడు కరా యూసుఫ్ తైమూర్‌కి ఎదురు తిరిగి ఒట్టోమన్‌ల దగ్గర తలదాచుకున్నవాడు. 1467లో అక్ కోయున్లు నాయకుడు ఉజున్ హసన్ చేతిలో వీళ్ళ రాజ్యం కూలింది. ఆ శాఖవాడే దక్కనుకి వచ్చి బహమనీల కొలువులో చేరాడు. అతని కొడుకు ఇబ్రహీంని మన కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. గడ్డిమైదానాల గొడవలో ఓడిన ఒక ఇల్లు తెలుగు కవిత్వానికి పోషణ ఇచ్చింది. నాకిది చాలా గొప్ప సంగతిగా అనిపిస్తుంది.

తెనాలి నుంచి (బుధవారం, మధ్యాహ్నం 12:40)

అద్భుతంగా ఉంది. తైమూర్ పేరు వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. 1400లో అలెప్పో, 1401లో డమాస్కస్ పట్టుకున్నాడు కదా. మేత సమస్య అతనికి లేదా?

పుస్తకాల బీరువా (బుధవారం, మధ్యాహ్నం 3:10)

ఉంది. అందుకే చలికాలంలో వచ్చాడు, వసంతంలోనే వెళ్ళిపోయాడు. డమాస్కస్ గోడ బయట గుడారంలో చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్‌తో రోజుల తరబడి మాట్లాడాడు. ఉత్తర ఆఫ్రికా ఊళ్ళ గురించి, దారుల గురించి రాసిమ్మని అడిగి తీసుకున్నాడు. తరువాత ఊరు కొల్లగొట్టి, పనితనమున్న వాళ్ళని సమర్కండ్‌కి తోలించాడు. సిరియాని తన రాజ్యంలో కలుపుకోలేదు, పీల్చి వదిలేశాడు. 1401 జులైలో బాగ్దాద్‌ని మళ్ళీ ఊచకోత కోశాడు. 1402 జులైలో అంకారా దగ్గర ఒట్టోమన్ సుల్తాన్ బాయెజీద్‌ని పట్టుకున్నప్పుడు కూడా ముందు నీటి వనరులు చేజిక్కించుకున్నాడు. దందానకాన్ గురించి మాస్టారు చెప్పింది అక్కడ మళ్ళీ జరిగింది.

విశ్రాంత మాస్టారు (బుధవారం, సాయంత్రం 6:20)

బాబూ, ఘజాన్ ఫిబ్రవరిలోనే ఎందుకు వెళ్ళాడన్న ప్రశ్న మిగిలిపోయింది. అతని వెనక, ఇరాన్ దక్షిణ భాగాల మీద చగతాయ్ వైపు దండు పడిందన్న వార్తని చాలామంది కారణంగా చెబుతారు. బీరువా గారి మూడు సరిహద్దుల మాట ఇక్కడ సరిపోతుంది. గడ్డి ఎన్ని నెలలు ఉండగలరో నిర్ణయించింది, సరిహద్దులు ఆ నెలల్ని ఇంకా కుదించాయి.

ఒట్టోమన్ తురుష్కులు సిరియాని చేజిక్కించుకున్నది 1516లో. అలెప్పోకి ఉత్తరాన మర్జ్ దాబిక్ దగ్గర ఒట్టోమన్ సుల్తాన్ సెలీం మమ్లూక్‌లని ఓడించాడు. యుద్ధం జరిగింది ఆగస్టు 24న, నేల మీద పచ్చగడ్డి లేని నెలలో. సెలీం దగ్గర ఫిరంగులు, తుపాకులు పట్టిన జానిసరీ కాలిబంటు ఉన్నాయి. ధాన్యం, మందుగుండు సర్దే పద్ధతి ఉంది. మమ్లూక్‌ల వైపు అలెప్పో పాలకుడు ఖైర్ బే మధ్యలో పక్కకి తప్పుకున్నాడు. అక్కడి నుంచి 1918 దాకా, నాలుగు వందల ఏళ్ళు, ఆ నేల వాళ్ళ చేతిలోనే ఉంది. తెనాలి బాబు, ఆసక్తి ఉంటే మర్జ్ దాబిక్ మీద వేరే చర్చ తెరువు. ఖైర్ బే సంగతి అక్కడ వివరంగా రాస్తాను.